హోమర్‌పలూజా: ‘ది సింప్సన్స్’ ఎపిసోడ్

‘హోమర్‌పలూజా’ అమెరికన్ యానిమేషన్ హాస్య ధారావాహిక ‘ది సింప్సన్స్’ ఏడో సీజన్‌లో 24వ ఎపిసోడ్, మొత్తం వరుసలో 152వది. 1996 మే 19న ఫాక్స్ నెట్‌వర్క్‌లో తొలిసారి ప్రసారమైంది. బ్రెంట్ ఫారెస్టర్ రాశారు, వెస్ ఆర్చర్ దర్శకత్వం వహించారు. రాక్ బృందాలు స్మాషింగ్ పంప్‌కిన్స్, సోనిక్ యూత్, హిప్‌హాప్ బృందం సైప్రస్ హిల్, బ్రిటిష్ గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్ ఇందులో తమ పాత్రలకు తామే గొంతునిచ్చారు. పిల్లల దృష్టిలో పాతబడిపోయిన ఒక తండ్రి మళ్లీ ‘కూల్’ అనిపించుకోవాలని ఒక సంగీతోత్సవంతో ఊరూరా తిరగడం కథ. ఒక తరం ప్రాణంగా ప్రేమించిన సంగీతం తర్వాతి తరానికి పాత సామానులా కనిపించడం అనే మామూలు అనుభవాన్ని ఈ ఎపిసోడ్ ఇరవై రెండు నిమిషాల్లో నవ్విస్తూనే సూటిగా చెప్పింది. సంగీత తారలను అతిథులుగా పిలిచిన టెలివిజన్ ఎపిసోడ్లలో దీన్ని ఇప్పటికీ ముందు వరుసలో తలచుకోవడానికి కారణం అదే.

పేరు

లొల్లపలూజా అనే నిజమైన సంగీతోత్సవం పేరుకు కథానాయకుడు హోమర్ సింప్సన్ పేరు అతికించి ఎపిసోడ్‌కు శీర్షిక పెట్టారు. కథలోని ఉత్సవం పేరు హల్లబలూజా. ఇంగ్లిష్‌లో హల్లబలూ అంటే గోల, తెలంగాణ మాటలో చెప్పాలంటే లొల్లి.

లొల్లపలూజాను జేన్స్ అడిక్షన్ బృందం గాయకుడు పెరీ ఫారెల్ 1991లో ప్రారంభించారు. తన బృందం వీడ్కోలు యాత్రగా మొదలైన ఆ కార్యక్రమం ఏటా వేసవిలో అమెరికా నగరాల మీదుగా సాగే సంచార ఉత్సవంగా మారింది. రేడియోలో, టీవీలో పెద్దగా చోటు దొరకని బృందాలు ఒకే వేదిక మీద వరుసగా పాడేవి. చుట్టూ దుకాణాలు, కరపత్రాలు, చిత్రమైన ప్రదర్శనలు ఉండేవి. 1992 యాత్రలో జిమ్ రోజ్ సర్కస్ అనే బృందం ఒళ్లు గగుర్పొడిచే విన్యాసాలు చేసి పేరు తెచ్చుకుంది. హోమర్ చేరే వింత మనుషుల ప్రదర్శన వెనుక ఆ వాతావరణం ఉంది.

1990ల మధ్యకు ఈ ‘ప్రత్యామ్నాయ’ సంగీతం పెద్ద వ్యాపారమైపోయింది. స్మాషింగ్ పంప్‌కిన్స్ 1994 లొల్లపలూజాలో, సోనిక్ యూత్ 1995లో ప్రధాన బృందాలుగా పాడాయి. సైప్రస్ హిల్ కూడా 1995 యాత్రలో ఉంది. కాబట్టి ఎపిసోడ్‌లోని కార్టూన్ వేదిక మీద నిలబడిన ఈ మూడు బృందాలూ అసలు వేదిక ఎక్కి దిగినవే.

నేపథ్యం

మాట్ గ్రేనింగ్ సృష్టించిన సింప్సన్ కుటుంబం 1987 ఏప్రిల్ 19న ‘ది ట్రేసీ ఉల్మన్ షో’లో చిట్టి చిత్రాల రూపంలో తొలిసారి కనిపించింది. 1989 డిసెంబరు 17న అరగంట ధారావాహికగా మారింది. అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే హోమర్, అతని భార్య మార్జ్, పదేళ్ల కొడుకు బార్ట్, ఎనిమిదేళ్ల కూతురు లీసా, నోట్లో పాలపీకతో తిరిగే పసిపాప మ్యాగీ ఇందులో ముఖ్య పాత్రలు. వీళ్లుండేది స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణం.

సంగీతకారులను పిలవడం ఈ ధారావాహికకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. 1990లో టోనీ బెనెట్ తన పాత్రలో తానే పాడారు. 1991లో ఏరోస్మిత్ బృందం మో అనే పాత్ర నడిపే బారులో వాయించింది. బీటిల్స్ బృందం నుంచి రింగో స్టార్ 1991లో, జార్జ్ హారిసన్ 1993లో, పాల్ మెకార్ట్నీ 1995లో వేర్వేరు ఎపిసోడ్లకు వచ్చారు. 1993లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్, రామోన్స్ బృందాలు కనిపించాయి.

ఆ రాకల్లో చాలా వరకు తార ఒక సన్నివేశంలో వచ్చి, పాడి, నవ్వించి వెళ్లిపోవడమే. ‘హోమర్‌పలూజా’ ఆ పద్ధతిని మార్చింది. ఇందులో అతిథులను తీసేస్తే కథే మిగలదు. హోమర్‌కు ఏ లోకం అర్థం కావడం లేదో ఆ లోకానికి ప్రతినిధులు వాళ్లే.

కథ

స్కూలు బస్సు డ్రైవరు ఓటో పొరపాటువల్ల బస్సు తుక్కు యార్డులో నుజ్జయిపోతుంది. ఇక తల్లిదండ్రులే వంతులవారీగా పిల్లలను కారులో బడికి దించాలి. తన వంతు వచ్చినప్పుడు హోమర్ ఉత్సాహంగా కారు స్టీరియోలో తన యవ్వనకాలపు బృందం గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్ పాటలు పెడతాడు. వెనక సీట్లో పిల్లలు ముఖాలు చిట్లిస్తారు. ఆ బృందం పేరే వాళ్లు వినలేదు. తాను వాళ్ల కళ్లకు వెనకబడిన మనిషిలా కనిపిస్తున్నానని హోమర్‌కు తొలిసారి తెలిసివస్తుంది.

అప్పుడు కథ 1970లలోకి వెళుతుంది. కుర్ర హోమర్ తన గదిలో స్నేహితుడు బార్నీతో కలిసి పాటలు వింటూ ఉంటాడు. తండ్రి ఏబ్ గుమ్మంలో నిలబడి, ఒకప్పుడు తనకూ లోకం తీరు తెలుసుననీ, తర్వాత ఆ తీరే మారిపోయిందనీ, ఇప్పుడున్నది తనకు వింతగా, భయంగా ఉందనీ, రేపు నీకూ ఇదే గతి పడుతుందనీ హెచ్చరిస్తాడు. తనకు అలా ఎన్నటికీ జరగదని అప్పట్లో హోమర్ ధీమా.

వర్తమానంలో అతను క్యాసెట్ల దుకాణానికి వెళతాడు. ఒకప్పుడు హాయిగొలిపే పేరుతో ఉన్న ఆ దుకాణం ఇప్పుడు చావును తలపించే పేరు తగిలించుకుంది. రాక్ సంగీతం 1974లోనే పరిపూర్ణత సాధించిందని, అది శాస్త్రీయ సత్యమని అక్కడ హోమర్ వాదిస్తాడు. ధారావాహిక పాత ఎపిసోడ్ ప్రకారం అతను హైస్కూల్లో ఉన్న ఏడాది కూడా అదే. అంటే సంగీతం పరిపూర్ణమైనది 1974లో కాదు, తన పదిహేడు, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో. రచయిత ఈ విషయాన్ని ఎక్కడా విప్పి చెప్పలేదు. పాత్రను ఎరిగిన ప్రేక్షకుడు పట్టుకుంటాడని వదిలేశారు.

పిల్లల మెప్పు కోసం హోమర్ బార్ట్‌ను, లీసాను హల్లబలూజాకు తీసుకెళతాడు. కుర్రవాడిలా కనబడాలని తలకు రంగురంగుల రాస్తా టోపీ పెట్టుకుంటాడు. అతని ఆరాటం చూసి అక్కడి కుర్రాళ్లు మాదకద్రవ్యాల నిఘా అధికారి మారువేషంలో వచ్చాడనుకుని బయటికి గెంటేస్తారు. పిల్లల ముందు పరువు పోయిన ఆ క్షణంలోనే ఫ్రాంప్టన్ ప్రదర్శన కోసం తెచ్చిన గాలి పంది ఒకటి ఫిరంగిలోంచి దూసుకొచ్చి హోమర్ పొట్టకు తగులుతుంది. అంత దెబ్బ తిన్నా అతనికేమీ కాకపోవడం చూసిన నిర్వాహకుడు వెంటనే ఉద్యోగం ఇస్తాడు. వింత మనుషుల ప్రదర్శనలో పొట్టతో ఫిరంగి గుండును ఆపే మనిషిగా హోమర్ ఉత్సవం వెంట బయలుదేరతాడు.

యాత్రలో అతను తారల మధ్య తారగా మారతాడు, కొడుకు కళ్లకు హీరో అవుతాడు. గుండ్ల దెబ్బలకు లోపల మాత్రం పొట్ట పాడవుతూ ఉంటుంది. పరీక్షించిన పశువుల డాక్టరు ఇంకొక్క గుండు తగిలితే ప్రాణం పోతుందని చెబుతాడు. చివరి ప్రదర్శన సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. జనం కేకలు వేస్తుండగా గుండు దూసుకొస్తుంది. హోమర్ పక్కకు తప్పుకుంటాడు. ‘కూల్’ కావడం కన్నా ఇంటికి ప్రాణాలతో వెళ్లడం ముఖ్యమని అతనికి ఆ క్షణంలో అర్థమవుతుంది.

అతిథి కళాకారులు

స్మాషింగ్ పంప్‌కిన్స్. షికాగో నగరానికి చెందిన ఈ రాక్ బృందం 1995 అక్టోబరులో ‘మెలన్ కోలీ అండ్ ది ఇన్ఫినిట్ సాడ్‌నెస్’ అనే రెండు డిస్కుల ఆల్బమ్ విడుదల చేసి కీర్తి శిఖరాన ఉంది. బిల్లీ కోర్గన్, జేమ్స్ ఇహా, డార్సీ రెట్స్‌కీ, జిమ్మీ చేంబర్లిన్ సభ్యులు. ఎపిసోడ్‌లో వీరు పాడే పాట ‘జీరో’. ఆ పాట సాగుతుంటే కుర్రకారు దిగాలుగా ఊగిపోతూ ఉంటారు. కోర్గన్‌ను కలిసిన హోమర్ ఆయనకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెబుతాడు. మీ విషాద గీతాల పుణ్యమా అని, నేను ఇవ్వలేని భవిష్యత్తు గురించి నా పిల్లలు కలలు కనడం మానేశారు అంటాడు. నవ్వు వెంట చిన్న నొప్పిని కూడా మిగిల్చే మాట అది. వీరి పరిచయంలో ఒక మాటల ఆట కూడా ఉంది. బృందం పేరును ‘గుమ్మడికాయలు పగలగొడుతూ’ అనే క్రియగానూ చదవవచ్చు. కోర్గన్ తన పేరు, బృందం పేరు చెప్పగానే హోమర్ తన పేరు చెప్పి, మర్యాదగా నవ్వుతున్నానని అదే వ్యాకరణంలో జవాబిస్తాడు. ఎపిసోడ్ వచ్చిన రెండు నెలలకు, జులైలో, బృందం యాత్రలోని కీబోర్డు వాద్యకారుడు జోనథన్ మెల్వోయిన్ మాదకద్రవ్యాల వల్ల మరణించారు. డ్రమ్మర్ చేంబర్లిన్‌ను అప్పుడే తొలగించారు. అలా ఆ నలుగురూ కలిసి ఉన్న దశ చివరి రోజులను ఈ కార్టూన్ భద్రపరిచింది.

సోనిక్ యూత్. న్యూయార్క్‌లో 1981లో ఏర్పడి 2011 వరకు కొనసాగిన బృందం. థర్స్టన్ మూర్, కిమ్ గోర్డన్, లీ రనాల్డో, స్టీవ్ షెల్లీ సభ్యులు. గిటార్ శ్రుతిని మామూలుకు భిన్నంగా మార్చుకుని, కరకరలను, హోరును కూడా సంగీతంగా మలచడం వీరి ప్రత్యేకత. కథలో ఫ్రాంప్టన్ పానీయాల పెట్టెలో చేతులు పెట్టి దొరికిపోయే అల్లరి పిల్లలు వీరే. వీరి అసలు కానుక ఎపిసోడ్ ముగింపులో ఉంది. డ్యానీ ఎల్ఫ్‌మన్ స్వరపరచిన ‘ది సింప్సన్స్’ ఇతివృత్త సంగీతాన్ని పేర్లు పడే సమయంలో వీరు తమ శైలిలో, గిటార్ల హోరుతో వాయించారు.

సైప్రస్ హిల్. కాలిఫోర్నియాలోని సౌత్ గేట్‌కు చెందిన హిప్‌హాప్ బృందం. బి-రియల్, సెన్ డాగ్, డీజే మగ్స్ ఇందులో గొంతు వినిపించారు. 1993లో వచ్చిన వీరి రెండో ఆల్బమ్ ‘బ్లాక్ సండే’ విడుదలైన వారమే బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అందులోని ‘ఇన్‌సేన్ ఇన్ ది బ్రెయిన్’ ఎపిసోడ్‌లో వినిపిస్తుంది, అదీ ఊహించని తోడుతో. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వేదిక వెనుక వచ్చి నిలబడుతుంది. మత్తులో ఉండి ఆర్కెస్ట్రాను పిలిపించినవారు ఎవరని నిర్వాహకుడు అడుగుతాడు. సైప్రస్ హిల్ సభ్యులు తమలో తాము గుసగుసలాడుకుని ఆ పని తమదే అయి ఉంటుందని ఒప్పుకుంటారు. కోటు బూట్ల వయొలిన్ విద్వాంసులు ర్యాప్ పాటకు శ్రద్ధగా వాద్యసహకారం అందిస్తారు.

పీటర్ ఫ్రాంప్టన్. మిగతా మూడు బృందాలూ 1990ల ప్రతినిధులైతే ఈయన హోమర్ కాలపు మనిషి. 1976లో వచ్చిన ఈయన కచేరీ ఆల్బమ్ ‘ఫ్రాంప్టన్ కమ్స్ అలైవ్!’ ఆ ఏడాది అమెరికాను ఊపేసింది. నోట్లో గొట్టం పెట్టుకుని, గిటార్ నాదాన్ని పెదవుల కదలికతో మాటలా మార్చే ‘టాక్ బాక్స్’ ఈయనకు గుర్తింపుగా మారింది. ఆ ఆల్బమ్‌కు సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన ఏడాదిలో ఈ ఎపిసోడ్ వచ్చింది. కుర్ర బృందాల మధ్య సీనియర్‌గా నిలబడిన ఫ్రాంప్టన్ పాత్ర తన గోడు వెళ్లబోసుకుంటుంది: హోమర్ తన పందిని పాడుచేశాడు, సైప్రస్ హిల్ ఆర్కెస్ట్రాను లాక్కుంది, సోనిక్ యూత్ తన పెట్టెలో చేయి పెట్టింది. తరం మారినప్పుడు పెద్దల సొత్తు పిల్లల చేతుల్లోకి ఎలా పోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఫిర్యాదు చాలు.

రచన, నిర్మాణం

ఏడో సీజన్‌కు బిల్ ఓక్లీ, జాష్ వైన్‌స్టైన్ ప్రధాన నిర్మాతలు. పెద్ద పెద్ద వింతల కన్నా కుటుంబంలోని అనుబంధాల మీద కథలు నడపాలన్నది వారి పద్ధతి. రచయిత ఫారెస్టర్ అంతకు ముందు ‘లెమన్ ఆఫ్ ట్రాయ్’, ‘హోమర్ వర్సెస్ ప్యాటీ అండ్ సెల్మా’ రాశారు.

ఈ కథ కోసం ఆయన స్వయంగా లొల్లపలూజాకు వెళ్లారు. అక్కడి అనుభవం చేదుగా ముగిసింది. ఎటు చూసినా ప్రకటనలే. ఆయన కెమెరాను సిబ్బంది లాగేసుకున్నారు. ఒక అపరిచితుడు వచ్చి, నువ్వు నిఘా అధికారివా అని అడిగాడు. ఆ రోజు పడిన ఇబ్బందులన్నీ కాగితం మీదికి వచ్చాయి. కథలో హోమర్‌ను జనం అనుమానించే ఘట్టం అంత సహజంగా ఉండటానికి మూలం ఇదే.

దర్శకుడు వెస్ ఆర్చర్ 1987 నాటి చిట్టి చిత్రాలకు బొమ్మలు కదిలించిన తొలి ముగ్గురు యానిమేటర్లలో ఒకరు. హోమర్, ఏబ్, బార్నీ ముగ్గురికీ గొంతు ఒక్కరే, డాన్ కాస్టెల్లనెటా. అందువల్ల గదిలో కొడుకు ధీమాగా మాట్లాడినా, గుమ్మంలో తండ్రి శాపం పెట్టినా వినిపించేది ఒకే నటుడి గొంతు. తండ్రే రేపటి కొడుకు అన్న భావానికి ఇంతకన్నా తగిన పాత్ర పంపిణీ ఉండదు.

చిత్రణలోనూ సంగీత చరిత్ర మీద ప్రేమ కనిపిస్తుంది. హోమర్ కాళ్లు బారజాపి నడిచే దృశ్యంలో రాబర్ట్ క్రంబ్ గీసిన 1960ల ప్రసిద్ధ కామిక్ బొమ్మ ‘కీప్ ఆన్ ట్రకిన్’ను అనుకరించారు. గాలి పందిని ఫ్రాంప్టన్ పింక్ ఫ్లాయిడ్ పాత సామాను అమ్మకంలో కొన్నట్టు చెబుతారు. 1976 డిసెంబరులో పింక్ ఫ్లాయిడ్ తమ ‘యానిమల్స్’ ఆల్బమ్ అట్ట కోసం లండన్‌లోని బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రం మీద ఎగరేసిన గాలి పంది తాడు తెంచుకుని ఆకాశంలోకి పోయిన సంఘటన రాక్ అభిమానులందరికీ తెలిసిన కథ.

ఇతివృత్తం

ఎపిసోడ్ మొత్తం ‘కూల్’ అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. నిజంగా కూల్ అయినవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదేమోనని ఒకచోట హోమర్ ఆలోచిస్తాడు. చెప్పకపోతే ఎలా తెలుస్తుందని పిల్లలు వెంటనే కొట్టిపారేస్తారు. గౌరవం ఇచ్చేది ఎప్పుడూ ఎదుటివాడే, అదీ వయసులో చిన్నవాడు. తండ్రి చేతిలో లేని అధికారం అది.

1990ల కుర్రకారు మనస్తత్వాన్ని పట్టిచ్చే చిన్న ఘట్టం ఇంకొకటి ఉంది. ప్రేక్షకుల్లో ఒక కుర్రవాడు హోమర్‌ను చూసి భలేవాడంటాడు. అది వెటకారమా అని పక్కవాడు అడుగుతాడు. నాకే తెలియడం లేదని మొదటివాడు దీనంగా అంటాడు. ప్రతిదాన్నీ వెటకారంతోనే పలకరించడం అలవాటైన తరం తన మనసులో నిజంగా ఏముందో తానే తెలుసుకోలేని స్థితికి చేరింది. ఆ తరం గురించి రాసిన పేజీల కొద్దీ విశ్లేషణల కన్నా ఈ మూడు మాటలు ఎక్కువ చెప్పాయి.

అయినా ఎపిసోడ్ కుర్రకారును తిట్టదు, పెద్దవాళ్లను వెక్కిరించదు. హోమర్ తన పాటలను నిజంగా ప్రేమిస్తాడు. గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్ పేరు వినని పిల్లలను చూసి అతను పడే బాధ, మా కాలం పాటలు ఇలా ఉండేవా అని నిట్టూర్చే ఏ ఇంటి పెద్దకైనా తెలిసినదే. సీజన్ ముగింపు ఎపిసోడ్‌లో లీసా కూడా కొత్త స్నేహితుల మధ్య మెప్పు కోసం తన తీరు మార్చుకోవాలని చూస్తుంది. తండ్రికీ కూతురికీ తపన ఒకటే, వయసు వేరు.

తర్వాతి కాలం

అసలు లొల్లపలూజా 1997 తర్వాత ఆగిపోయి, 2003లో తిరిగి మొదలై, 2005 నుంచి షికాగోలోని గ్రాంట్ పార్కులో స్థిరపడింది. తర్వాత ఇతర దేశాలకూ విస్తరించింది. 2023 జనవరిలో ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో తొలి భారతీయ లొల్లపలూజా జరిగింది.

‘ది సింప్సన్స్’ పాత్రలకు వయసు పెరగదు, కాలం మాత్రం జరుగుతూ ఉంటుంది. 2008 జనవరి 27న వచ్చిన ‘దట్ నైంటీస్ షో’ ఎపిసోడ్‌లో హోమర్ యవ్వనాన్ని 1990లలోకి జరిపి, అతను ఒక గ్రంజ్ రాక్ బృందం నడిపినట్టు చూపించారు. 1996లో హోమర్‌ను బెదరగొట్టిన సంగీతమే పన్నెండేళ్లు తిరిగేసరికి అతని పాత జ్ఞాపకమైపోయింది. ఏబ్ జోస్యం సంగీతానికే తగిలింది.

ఆర్కెస్ట్రా చమత్కారమూ చమత్కారంగా మిగిలిపోలేదు. 2024 జులై 10న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో సైప్రస్ హిల్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా నిజంగానే ఒకే వేదిక ఎక్కి ‘బ్లాక్ సండే’ పాటలు వినిపించాయి. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి కార్టూన్ దృశ్యం ఆ సాయంత్రం నిజమైంది. 1871లో ప్రారంభమైన ఆ సభామందిరంలో, 1904లో పుట్టిన ఆ వాద్యబృందం పక్కన, ఒకప్పుడు తల్లిదండ్రులను కంగారుపెట్టిన ర్యాప్ పాటలు గౌరవనీయమైన పాత పాటలుగా మోగాయి. 1996లో బార్ట్ ఈడు పిల్లవాడిగా ఈ ఎపిసోడ్ చూసినవారికి ఆ ఏడాది 38 ఏళ్లు, కారులో గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్ పెట్టిన రోజున ఇంచుమించు హోమర్ వయసు.